పెట్టెలో ఇమిడిన పఠన మందిరము

బరంపురములోని తెలుగు కుటుంబములను ప్రవాసాంధ్రులని పిలుచుట మాకు మొదటి నుండియు రుచింపదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడునంతవరకు ఈ ఊరు మద్రాసు రాజధానిలోనిది. ఆనాడు మా పెద్దలు మూటలు కట్టుకొని ఎచ్చటికిని పోలేదు, ఎచ్చటి నుండియు రాలేదు. కాగితము పైన రాష్ట్రము పేరు మారినది, అంతియే. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో జన్మించినది ఈ ఊరనే. ఇట్టి చోట నేటికిని తెలుగు మాటలాడు ఇండ్లు వీధి వీధినా కలవు. కాని తెలుగు చదువగల పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగమునకు ఇంగ్లీషు: ఇట్లు మూడు భాషల నడుమ పెరుగుచున్న బిడ్డ చేతికి మన అక్షరము అందుట యెట్లు? ఈ ప్రశ్న సోలాపురములోను, బళ్ళారిలోను, హోసూరులోను ఉన్న మనవారికి కూడ కొత్తది కాదు.

మేము మెట్రిక్యులేషను వరకు చదివి, ఒక ప్రభుత్వ కార్యాలయములో ముప్పది యెనిమిదేండ్లు గుమాస్తాగా పనిచేసి, 2018లో విరమించినవారము. కంప్యూటరు శాస్త్రములో మాకు పట్టము లేదు. అయినను గత రెండేండ్లుగా మా సంఘము పఠన మందిరములో ఒక చిన్న పని జరుగుచున్నది. పాత స్మారక సంచికలను వెబ్ పుటలుగా మార్చి, అంతర్జాలముతో నిమిత్తము లేకుండ, మందిరములోని ఒక పాత యంత్రము మీద నడుపుచున్నాము. అందులకు కంటైనరు అను సాధనమును వాడుచున్నాము. ఇతర సంఘములవారికి ఉపకరింపవచ్చునని తోచి ఆ వివరమును పాఠకులకు మనవి చేయుచున్నాము.

ఈ పనికి మూలము ఒక తుఫాను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది. గోపాలపురము మాకు కూతవేటు దూరము. పఠన మందిరపు పైరేకులు లేచిపోయి, బీరువా క్రింది రెండు అరలలోనికి నీరు చేరినది. పలు దినములు ఊరిలో కరెంటు లేదు. నీరు తీసి ఆరబెట్టగా, నునుపు కాగితము మీద అచ్చయిన సంచికలు పుటకు పుట అంటుకొని పలకలవలె తయారైనవి. పందొమ్మిది సంచికలలో ఏడు చేతికి రాలేదు. ఆ యేడింటిలో ఒకదానియందు మా తండ్రిగారు మా వీధి పెండ్లి వేడుకలను గూర్చియు, ఇప్పుడు ఎవరును వాడని కొన్ని ఇంటి మాటలను గూర్చియు వ్రాసిన నాలుగు పుటల వ్యాసము కలదు. వారు అచ్చున చూచుకొన్న రచన అదియొక్కటే. మా యింట దానికి వేరొక ప్రతి లేదు.

తరువాత కొన్నేండ్లకు సంఘము చందాలు పోగుచేసి ఒక సంస్థ చేత వెబ్‌సైటు చేయించినది. చూచుటకు ముచ్చటగానే యుండెను. అయితే దాని వెనుక డేటాబేసు, దానికి ప్రత్యేకమగు సర్వరు, వాటికి ఏటేట రుసుము ఉండెను. మూడేండ్లకు ఆ సంస్థ మూతపడినది. సర్వరు ఆగినది. తాళపుచెవులు ఎవరి చేతిలో నున్నవో చెప్పువారు లేకపోయిరి. మిగిలిన సంచికల నుండి శ్రమపడి ఎక్కించిన వ్యాసములలో ఒక్క పంక్తియు తిరిగి రాలేదు. నీట నానిన సంచికకు మరియొక ఊరిలో మరియొక ప్రతి యుండవచ్చునని ఆశపడవచ్చును. ఈ సైటుకు మాత్రము ఎచ్చటను ప్రతి లేకుండెను.

ఆ ఆశయే ఒకనాడు ఫలించినది. పర్లాకిమిడిలో ఒక గృహస్థుని యింట, అటకమీది ట్రంకు పెట్టెలో, మాకు పోయిన సంచికలలో ఒకటి దొరికినది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులై యుండి, వాడుక భాషకై పోరాడిన ఊరది. మేము ఇట్టి భాషలో ఈ వ్యాసము వ్రాయుట చూచిన వారేమందురో తెలియదు గాని, ఆ ఊరు మాకు చేసిన మేలు మరువరానిది. దొరికినది మా తండ్రిగారి వ్యాసమున్న సంచికయే. ఇంటివారు పుస్తకమును బయటికి పంపుటకు ఇష్టపడలేదు. ఫొటోలు తీసుకొనుటకు మాత్రము అనుమతించిరి. ఆ నాలుగు పుటలను చేతితో టైపు చేయునప్పుడు, ఇది మూడవసారి పోకుండ నిలుచుటెట్లు అను విచారము మాకు కలిగినది.

మా చెల్లెలి కుమారుడు బెంగళూరులో ఇంజనీరు. సెలవులకు వచ్చినప్పుడు ఈ మాట చెప్పగా, ఆతడు మొదట అడిగినది ఇది: "మావయ్యా, మీ సైటు ప్రతిరోజూ మారాలా? లేక ఒకసారి అచ్చేసిన పుస్తకంలా ఉంటే చాలా?" పుస్తకమువలె నున్న చాలునంటిమి. "అయితే సగం బాధ తీరిపోయింది" అనెను.

ఆతని మాటను మా గుమాస్తా పరిభాషలో చెప్పెదము. పౌరుడు కార్యాలయపు కిటికీ వద్దకు వచ్చి అడిగిన పిదప గుమాస్తా లేచి, బీరువా తెరచి, ఫైలు వెదకి, అప్పటికప్పుడు జవాబు వ్రాసి యిచ్చుట యొక పద్ధతి. ఆ గుమాస్తా సెలవు పెట్టినను, బీరువా తాళము పోయినను అడుగవచ్చినవాడు వట్టి చేతులతో పోవలసినదే. వేరొక పద్ధతి, సమాచారమును ముందుగనే అచ్చు వేయించి నోటీసు బోర్డు మీద అంటించుట. అందరికిని అదే కాగితము. గుమాస్తాతో పని లేదు. మొదటి దానిని డైనమిక్ సైటందురు, రెండవ దానిని స్టాటిక్ సైటందురు. 1991లో టిమ్ బర్నర్స్ లీ సెర్న్ పరిశోధనాలయము నుండి లోకమునకు చూపిన మొదటి సైటు ఈ రెండవ తెగకు చెందినదే. డేటాబేసు లేదు కావున పాడగుటకు భాగములును తక్కువ. ఒక అరలో కొన్ని ఫైళ్ళు, అంతియే సైటు.

వ్యాసములను మేము సాదా అక్షరములలో టైపు చేయుదుము. శీర్షికకు ముందొక గుర్తు, పేరాకును పేరాకును నడుమ ఒక ఖాళీ వరుస: నేర్చుకొనవలసినది ఇంత మాత్రమే. ఈ పద్ధతికి మార్క్‌డౌను అని పేరు. 2004 నుండి వాడుకలో నున్నది. ఇట్లు టైపు చేసిన వానిని హ్యూగో అను ఉచిత సాధనము వెబ్ పుటలుగా మార్చి, విషయసూచికను, సంచికల పట్టికను తానే కూర్చును. మా పదుమూడు సంచికలు, సుమారు నాలుగు వందల పుటలు, బొమ్మలు మినహా రెండు మెగాబైట్లలో ఇమిడినవి. ఒక చేతి ఫోనులో తీసిన ఒక ఫొటో దీనికన్న ఎక్కువ చోటు తినును.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహము కలుగును. ఫైళ్ళే గదా, నేరుగా తెరచి చదువుకొనరాదా? సామాన్యమైన పుటనట్లు చదువవచ్చును. కాని ఒక పుట నుండి మరియొక పుటకు పోవు లంకెలు పెక్కు సర్వరు ఉన్నదను భావనతో వ్రాయబడినవి. నేరుగా తెరచిన అవి తెగిపోవును. పదమిచ్చి వెదకు సౌకర్యము కూడ పనిచేయదు, ఏలయన బ్రౌజరు భద్రత కొరకు అట్టి ఫైళ్ళను చదువనీయదు. అంతేగాక మందిరములోని పదిమంది తమ ఫోనులలో చదువవలెనన్నను ఒక సర్వరు కావలసినదే. ముద్రణాలయములో పుస్తకము అచ్చగుటకు ముందు ప్రూఫు తీసి చూచెదరు. సైటును మన యంత్రము మీదనే సర్వరుతో నడిపి చూచుట అట్టి ప్రూఫు. ప్రూఫులో కనబడినదే రేపు లోకమునకు కనబడవలెను.

అట్టి సర్వరులలో ఎంజిన్ ఎక్స్ అనునది ప్రసిద్ధము. ఇగోర్ సిసోయెవ్ అను రష్యా దేశీయుడు దీనిని 2004లో లోకమునకు విడుదల చేసెను. దానిని మా యంత్రములో నేరుగా స్థాపింపవచ్చును. కాని ఒక యంత్రమునందు కుదిరిన అమరిక వేరొక యంత్రమునందు కుదురదు. కూర్పులు వేరు, అరల పేర్లు వేరు. ఒక సాధనమును కొత్తది చేసిన మరియొకటి అలుగును. ఈ చిక్కు తీర్చుటకు ఏర్పడినదే కంటైనరు.

రేవులో దిగుమతియగు ఇనుప పెట్టెలను పాఠకులు చూచియుందురు. లోపల బియ్యమున్నను, యంత్రములున్నను పెట్టె కొలత ఒక్కటే. ఓడయైనను, రైలైనను, లారీయైనను దానిని మోయగలదు. సాఫ్ట్‌వేరు కంటైనరు ఊహయు ఇట్టిదే. సర్వరును, దానికి కావలసిన ఉపకరణములను, అమరికను ఒకే పెట్టెలో సర్దిపెట్టుదురు. ఏ యంత్రము మీదికి చేర్చినను లోపలి సరుకు ఒకే విధముగా నుండును.

ఇది యంత్రములో యంత్రమును నిర్మించుట కాదు. మన ఊళ్ళ వాటాల యిండ్లను తలచుకొనుడు. వేరు వేరు యిండ్లు కట్టిన ఖర్చెక్కువ. ఒకే యింటిని నాలుగు వాటాలుగా అద్దెకిచ్చిన, పునాదియు, బావియు, వీధి గుమ్మమును ఉమ్మడి. పొయ్యిలు మాత్రము వేరు. కంటైనరులన్నియు యంత్రపు కెర్నెలును ఉమ్మడిగా వాడుకొనును. ఒక వాటావారు పక్క వాటాలోనికి తొంగి చూడకుండ లినక్స్‌లో నేమ్‌స్పేసులను గోడలున్నవి. ఒక్కరే బావి నీరంతయు తోడుకొనకుండ సీగ్రూపులను కొలతలున్నవి. ఈ ఆలోచన కొత్తది కాదు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోనే సీహెచ్‌రూట్ అను ఆజ్ఞ ఒక పనిని ఒక అరకు మాత్రము పరిమితము చేయుటకు దారి చూపినది. దీనినంతయు సామాన్యుల చేతికి అందునట్లు చేసినది డాకరు. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ దానిని ఒక సభలో అయిదు నిమిషముల ప్రసంగములో చూపెను. మా సంచికలను ఫైలిన్ తడిపినదియు ఆ యేడే. రెంటికిని సంబంధము లేకపోయినను, ఆ సంవత్సరము మాకు రెండు విధముల గుర్తుండునది.

డాకరులో మూడు మాటలు తెలిసిన చాలును. వంటకము వ్రాసిన కాగితము వంటిది డాకరుఫైలు. దాని ప్రకారము తయారై, మూత పెట్టి సీలు వేసిన సరుకు ఇమేజి. ఆ ఇమేజిని నడిపినప్పుడు పుట్టునది కంటైనరు. ఒక ఇమేజి నుండి పది కంటైనరులను నడుపవచ్చును. కంటైనరును ఆపి పారవేసినను ఇమేజి చెడదు. మరల నడిపిన మరల అదే.

మా డాకరుఫైలు పది పంక్తులకు మించదు. అందు రెండు అంచెలున్నవి. మొదటి అంచెలో హ్యూగో మా టైపు ఫైళ్ళను పుటలుగా వండును. రెండవ అంచెలో ఎంజిన్ ఎక్స్ ఆ పుటలను మాత్రము తీసుకొని వడ్డించును. పెండ్లిలో గుండిగలు, గరిటెలు, కట్టెలు వంటశాలలోనే యుండును గదా. పంక్తిలోనికి వచ్చునది విస్తరిలోని పదార్థమే. అటులనే వండిన సాధనములేవియు తుది ఇమేజిలోనికి రావు. అందువలన అది కొన్ని పదుల మెగాబైట్లకు మించదు. ఏ సాధనము ఏ కూర్పుదో ఆ కాగితము మీద అంకెలతో సహా వ్రాసితిమి. "అన్నిటికంటె కొత్తది" అని వ్రాసి వదలినచో, నేడు ఒకటి, వచ్చే యేడు మరియొకటి దిగును. పుటలు ఏల మారినవో ఎవరికిని తెలియదు.

ఉద్యోగములో మేము ఎక్కువ గౌరవించిన కాగితము చార్జి అప్పగింత జాబితా. బదిలీయగు గుమాస్తా బీరువాలెన్ని, ఫైళ్ళెన్ని, తాళములెన్ని, పెండింగు ఏమి అని వ్రాసి సంతకము చేసి పోవును. ఆ జాబితా సరిగా నున్నచో మనిషి మారినను పని ఆగదు. డాకరుఫైలును చూచినప్పుడు మాకు తోచినది ఇదియే. మేనల్లునితో ఆ మాట యంటిమి. ఆతడు నవ్వి, "అంతే మావయ్యా. నేను బెంగళూరు వెళ్ళిపోతే ఎవరు నడుపుతారని కదా మీ బెంగ? ఈ కాగితం చదివినవాడెవడైనా నడుపుతాడు" అనెను. వెనుకటి సైటు పోవుటకు కారణము తుఫాను కాదు. అప్పగింత జాబితా లేకపోవుటయే.

నడుపుట యెట్లో కొంత చెప్పవలెను. మందిరపు యంత్రము పదేండ్ల నాటిది. నాలుగు గిగాబైట్ల మెమరీ మాత్రమే కలది. దాని మీద ఉబుంటు లినక్స్ వేసి, డాకరును స్థాపించితిమి. నడుపు ఆజ్ఞ ఒకే పంక్తి. అందు నాలుగు సంగతులుండును. మొదటిది కంటైనరు పేరు. రెండవది గుమ్మముల సంఖ్య: వెలుపలి 8080వ గుమ్మమునకు వచ్చినవారిని లోపలి 80వ గుమ్మమునకు పంపుమని. మూడవది, కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరును తాకకయే కంటైనరు తిరిగి లేవవలెనని; మా ఊరిలో ఇది ముఖ్యము. నాలుగవది ఇమేజి పేరు. తరువాత బ్రౌజరులో లోకల్‌హోస్టు అని వ్రాసి 8080 అని చేర్చిన సంచికల పట్టిక కనబడును.

లోకల్‌హోస్టు అనగా యంత్రము తనను తాను పిలుచుకొను పేరు. దాని అంకె 127.0.0.1. తన యింటికి తానే వ్రాసుకొన్న ఉత్తరమువలె అది తపాలా కచేరీకి పోదు. ప్రూఫులు దిద్దునప్పుడు ఇంటివద్ద మేము వాడునది ఇదియే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. గుమ్మము సంఖ్య మాత్రమే యిచ్చినచో డాకరు ఆ తలుపును యంత్రము చేరియున్న వలలోని వారందరికిని తెరచును. ఇంటిలోనివారికి మాత్రమే కావలెనన్నచో సంఖ్యకు ముందు ఆ 127.0.0.1 అంకెను చేర్చవలెను. మందిరములో మాత్రము మేము కావలెననియే తలుపు తెరచితిమి. అచ్చటి వైఫై పెట్టెకు అంతర్జాలము లేదు. అయినను దానికి చేరిన ఫోనులన్నియు యంత్రపు అంకెను వ్రాసి సంచికలను చదువగలవు.

ప్రూఫులు దిద్దుటకు మరియొక సదుపాయము కలదు. మన యంత్రములోని ఒక అరను కంటైనరుకు చూపి, దానిని చదువుటకే గాని మార్చుటకు వీలులేకుండ అతికింపవచ్చును. అద్దాల బీరువాలోని పుస్తకమువలె లోపలివాడు చూడగలడు గాని చేయి పెట్టలేడు. మనము వెలుపల అక్షరము దిద్ది హ్యూగోను నడిపినచో బ్రౌజరులో వెంటనే దిద్దుబాటు కనబడును.

ఇక తెలుగు అక్షరముల సంగతి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియు తెలుగునకు 128 స్థానముల అర యొకటి కేటాయింపబడియున్నది. ఫైలులో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. "తెలుగు" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు; మొత్తము పదునెనిమిది బైట్లు. ఇది యూటీఎఫ్ 8 పద్ధతియని పుట తలకట్టులోను, సర్వరు అమరికలోను చెప్పవలెను. చెప్పనిచో కొన్ని బ్రౌజరులు ఆ బైట్లను లాటిను అక్షరములుగా పొరబడి, ముళ్ళకంప వంటి గుర్తులను చూపును. 2000 ప్రాంతములో డీటీపీలో కూర్చిన మా సంచికల ఫైళ్ళు రెండు దొరకినవి గాని, అవి యూనికోడుకు చెందని అక్షరములలో నుండుటచే నకలు తీసిన అర్థములేని రోమను గుర్తులే వచ్చినవి. వానిని మరల టైపు చేయక తప్పలేదు. ఉచితముగా వాడుకొన అనుమతి గల మండలి అను అక్షరరూపమును కూడ ఇమేజిలోనే చేర్చితిమి. అందువలన ఏ ఫోనులో తెరచినను ఒత్తులు చెదరకుండ ఒకే తీరున కనబడును.

పిల్లలను గూర్చి మేనల్లుడొక ఉపాయము చెప్పెను. భారతీయ లిపుల అరలను యూనికోడువారు ఒకే వరుసలో అమర్చిరి. ఒడియా అరకును తెలుగు అరకును నడుమ తమిళపు అర యున్నది. ఒడియా "క" సంఖ్యకు 256 కలిపిన తెలుగు "క" వచ్చును. తక్కిన అక్షరములు పెక్కు అంతే. కావున తెలుగు వ్యాసమును ఒడియా లిపిలో చూపుట కూడిక తీసివేతల పని. సైటు తయారగునప్పుడే ప్రతి పుటకు ఒడియా లిపిలో ఒక జంట పుటను చేయించితిమి. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో ఒడియా చదువు బిడ్డలు మా సంచికలను మొదటిసారి స్వయముగా చదివిరి. ఆ దినమున మందిరములో కలిగిన సందడి ఇంతింత కాదు.

అయితే ఒడియాలో హ్రస్వమైన ఎకార ఒకారములు లేవు. వానిని దీర్ఘములుగానే వ్రాయవలసి వచ్చును. బండి ఱకు కూడ అచ్చట ఆసనము లేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు ఆమె ముత్తాతగారి వ్యాసమును ఒడియా లిపిలో బిగ్గరగా చదువుచు, పెండ్లికూతురి అలంకారము వద్ద ఆగి, "తాతయ్యా, హారాన్ని మేడలో ఎందుకు వేశారు? మేడ మీద ఎవరున్నారు?" అని అడిగెను. మూలములో నున్నది "మెడలో హారము". మందిరములో నవ్వనివారు లేరు. నవ్వు ఆగిన పిదప ఆ బిడ్డయే తెలుగు పుటను తెరచి, ఆ రెండు మాటలకును గల భేదమును వ్రేలితో చూపించుకొని, "మన అక్షరాల్లో అయితే ఈ తప్పు రాదన్నమాట" అనెను. నాటి నుండి ఆమెయు, ఆమె నేస్తములు ముగ్గురును ఆదివారములు వచ్చి తెలుగు ఓనమాలు దిద్దుచున్నారు. ఒడియా లిపి వారికి నిచ్చెన యైనది. నిచ్చెన మీదనే కాపురముండరాదని వారికే తెలిసినది.

కర్ణాటకలోని మనవారికి ఈ విషయమున సౌలభ్యము మెండు. యూనికోడులో తెలుగు పక్కనే కన్నడము. తేడా 128 మాత్రమే. హ్రస్వ ఎకార ఒకారములు కూడ అందు కలవు. తమిళదేశమున హ్రస్వములు నిలుచును గాని, "క, ఖ, గ, ఘ"లకు ఒకే అక్షరము దిక్కగును. ఏ లిపియైనను పిల్లవానిని గుమ్మము వరకు తీసికొని వచ్చును. లోనికి రావలసినది మన లిపిలోనే.

సంఘములవారికి విశేషముగా ఉపకరించునది మరియొకటి యున్నది. తయారైన ఇమేజిని ఒకే ఫైలుగా దాచుటకు డాకరులో ఆజ్ఞ కలదు. దానిని పెన్‌డ్రైవులో పెట్టుకొని పోయి, వేరొక ఊరి యంత్రములో దించిన, అంతర్జాలము లేకయే అచ్చట అదే పఠన మందిరము లేచును. మేము ఇట్లు పర్లాకిమిడికి ఒకటి పంపితిమి. సంచిక నిచ్చిన గృహస్థునకు అది మా ప్రత్యుపకారము. యంత్రముల ప్రాసెసరులు ఒకే జాతివై యుండవలెనను నియమము మాత్రము కలదు. పోగా, ఇమేజికి అందరును అంగీకరించిన ప్రమాణమును నిర్ణయించుటకు 2015లో ఒక ఉమ్మడి వేదిక ఏర్పడినది. అందుచేత డాకరు లేనిచోట పాడ్‌మన్ వంటి ఇతర సాధనములును అదే ఇమేజిని నడుపగలవు. ఒక్క సంస్థ మూతపడిన మన పుటలు కూడ మూతపడవలసిన పని లేదు.

అతిశయోక్తి మాకు ఇష్టము లేదు. ఒక్క యంత్రము మీద ఒక్కరు చదువుకొనుటకు ఇంత అమరిక అక్కరలేదు. పైథాను వాడువారికి దానితో వచ్చు చిన్న సర్వరే చాలును. కంటైనరు పుస్తకమునకు బీమా కూడ కాదు. యంత్రపు డిస్కు చెడిన లోపలి పెట్టెయు పోవును. కావున టైపు ఫైళ్ళును, ఫొటోలును, ఇమేజియు మూడు చోట్ల నుంచితిమి: ఒకటి మందిరములో, ఒకటి మా యింట, ఒకటి పర్లాకిమిడిలో. ఒక తుఫాను ఒకేసారి రెండూళ్ళను ముంచవచ్చును గనుక నాలుగవ ప్రతి బెంగళూరునకు చేరినది. దిద్దిన ప్రతులను కాగితము మీద అచ్చొత్తి, డాకరుఫైలును కూడ అచ్చుతీసి, ఆ పుటలతోనే కలిపి కుట్టించి, బీరువా పై అరలో పెట్టితిమి.

పోయిన సంచికలు ఇంకను ఆరు కలవు. ఈ సంపుటమును చదువు కుటుంబములలో ఎవరి అటక మీదనైన బరంపురపు తెలుగు సంఘము స్మారక సంచిక యున్నచో, దయచేసి పారవేయవలదు. పుస్తకమును మాకు పంపనక్కరలేదు. పుటలకు ఫొటోలు తీసి పంపిన చాలును. టైపు చేయువారు ఇప్పుడు మాయొద్ద నలుగురున్నారు. వారిలో పెద్దదానికి పదునాలుగేండ్లు.